తుడిచిన మెట్టు

వర్దె కాఫీ పోసింది గాని అందులో చక్కెర వెయ్యలేదు. బేత్లెహేములో చక్కెర లేని కాఫీ చావింట్లో పోస్తారు. నఖ్లే ఒక గుక్క తాగి, భార్య ముఖం వంక చూసి, మిగతాది మందు మింగినట్టు మింగేశాడు.

"ఇంకా ఎవరూ చావలేదు కదే," అన్నాడు.

"చావలేదు. నా తమ్ముడు లాకప్పులో ఉన్నాడు. వాడి ఆలివ్‌కాయలు చెట్ల మీదున్నాయి. వాన రేపో మాపో అంటోంది. ఇప్పుడు నీకు చక్కెర కావాల్సొచ్చిందా, అబూ జమీల్?"

పెద్దకొడుకు పేరు పెట్టి జమీల్ తండ్రీ అని పిలవడం అక్కడి మర్యాద. కోపం వచ్చినప్పుడు వర్దె ఆ మర్యాదనే కర్రలా వాడుతుంది.

నఖ్లే లాటిన్ల మఠంలో దుబాసీ. మఠంలో ఫాదర్లు ఇటలీవాళ్ళు. వాళ్ళ మాట ఊరివాళ్ళకీ, ఊరివాళ్ళ మాట వాళ్ళకీ, ఇద్దరి మాటా అప్పట్లో తురుష్క దొరలకీ, ఇప్పుడు ఇంగ్లీషు దొరలకీ చేరవెయ్యడం పాతికేళ్ళుగా అతని పని. అంతకు ముందు తండ్రి చేశాడు, తాత చేశాడు. నఖ్లే నోట్లో పడితే బూతు కూడా దీవెనై బయటికొస్తుందని బజార్లో నవ్వుకుంటారు. అందులో అబద్ధమేమీ లేదు. ఫాదరు "ఈ గాడిదతో చెప్పు" అంటే నఖ్లే "ఫాదరుగారు మనవి చేస్తున్నారు" అనేవాడు. ఊరివాడు "వాడి గడ్డం తగలబడా" అంటే "ఈయన కొంచెం నొచ్చుకున్నాడు" అనేవాడు. అలా ఎన్ని తలకాయలు పగలకుండా ఆగాయో. ఇప్పుడు పగిలింది ఒక్కటే, దానికి అతని మందు పనిచేసేలా లేదు.

ముందురోజు పెద్ద గుడిలో, యేసు పుట్టిన గుహలోకి దిగే మెట్ల దగ్గర, అంతూన్ తల పగిలింది. అంతూన్ లాటిన్ల దీపాలకు నూనె పోసేవాడు, నఖ్లేకి పినతండ్రి కొడుకు. జనం పరిగెత్తుకెళ్ళేసరికి అతను రక్తంలో పడున్నాడు. పక్కన చీపురుతో మిత్రి నిలబడున్నాడు. మిత్రి గ్రీకుల మఠంలో పనివాడు, వర్దెకి తమ్ముడు. ఇంకేం కావాలి? పోలీసులు వచ్చి మిత్రిని పట్టుకుపోయారు.

ఇంకో మెట్టయితే ఇంత గొడవ అయ్యేది కాదు. ఆ గుడిలో ప్రతి మేకుకీ, ప్రతి దీపానికీ, ప్రతి కిటికీకీ ఒక సొంతదారుడున్నాడు. కొన్ని లాటిన్లవి, కొన్ని గ్రీకులవి, కొన్ని ఆర్మేనియావాళ్ళవి; అందరూ క్రైస్తవులే, ఊరివాళ్ళూ పుట్టుకతో వీటిలో ఏదో ఒక శాఖవాళ్ళే. వీళ్ళ కొట్లాటలు తీర్చలేక ఏనాడో సుల్తానులు 'ఉన్నది ఉన్నట్టు ఉండాలి' అని ఫర్మానా ఇచ్చి చేతులు దులుపుకున్నారు. సుల్తానులు పోయి ఇంగ్లీషువాళ్ళు వచ్చినా ఫర్మానా మాత్రం అదే. ఉన్నది ఎలా ఉందో అందులో లేదు. అందుకని ఊడ్చినవాడిదే నేల అని ఆనవాయితీ పడింది. కింది మెట్లన్నీ ఎవరివో తేలాయి, పై మెట్టొక్కటీ తేలలేదు. తెల్లారగట్ల ఒకళ్ళు, సాయంత్రం ఒకళ్ళు, ఎదుటివాడు చూడకుండా వచ్చి ఊడ్చిపోతుంటారు. ఊరు మొత్తం మీద అంత శుభ్రమైన రాయి ఇంకోటి లేదు.

"ఊడ్చినవాళ్ళదే అయితే ఈ ఇల్లు నాది," అంది వర్దె, చేతిలో చీపురు మూలకి విసిరి. "పెళ్ళయినప్పట్నించీ నేనే ఊడుస్తున్నా. మీ మఠంవాళ్ళని వచ్చి ఆ మాట చెప్పమను."

ఆ ఇల్లు మఠానిది. పని ఉన్నన్నాళ్ళే దుబాసీకి ఇల్లు. నఖ్లే మోకాళ్ళ మీద చేతులానించి లేచాడు. ఈమధ్య కూర్చుంటే లేవడం కష్టం, నిలబడితే కూర్చోవడం కష్టంగా ఉంటోంది.

"ఎల్లుండి విచారణ," అన్నాడు. "జిల్లా దొర వస్తాడు. దొరకీ నాకూ ఇద్దరికీ వచ్చింది ఫ్రెంచే, అంతూన్ చెప్పేది అందులో నేనే చెప్పాలి."

"చెప్పు మరి. లోకంలో అందరి మాటలూ మార్చావు. మావాడి కోసం ఒక్కటి మార్చలేవా?"

*

అంతూన్ ఇల్లు మొన్న ఎండాకాలం భూకంపానికి నెర్రెలిచ్చింది. గోడలకి దూలాలు పోటు పెట్టారు. లోపలికి వెళ్ళాలంటే ఒకసారి వంగి, ఒక కాలెత్తి, మళ్ళీ వంగాలి. అలా దూరి వెళ్ళిన నఖ్లేకి గది నిండా జనం కనిపించారు. ముత్యపుచిప్పలు చెక్కే వీధివాళ్ళంతా బట్టల మీద తెల్లపొడితో అక్కడే ఉన్నారు. ఎవరో బుట్టెడు దానిమ్మకాయలు తెచ్చారు. తలకి కట్టుతో పరుపు మీద కూర్చున్న అంతూన్ పెళ్ళిపీటల మీద వరుడిలా ఇబ్బందిపడుతున్నాడు.

"మన మెట్టు కోసం నెత్తురోడ్చిన మగాడు!" అన్నాడొక ముసలాయన.

"మామా, మగాణ్ణి కాసేపు పడుకోనివ్వు," అన్నాడు నఖ్లే. "దానిమ్మలు బయట కూడా అలాగే ఉంటాయి."

అందరూ గొణుక్కుంటూ వెళ్ళారు. మిగిలింది అంతూన్, చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని మూల కూర్చున్న అతని పెళ్ళాం లబీబె.

"నిజం చెప్పరా," అన్నాడు నఖ్లే. "దుబాసీ అడగడం లేదు. మీ అన్న అడుగుతున్నాడు."

అంతూన్ కాసేపు కట్టు తడుముకున్నాడు. "ఏముందన్నా? నూనె ఒలికింది. ఒలికి ఒలికి ఆ పై మెట్టు మీదే ఒలికింది. ఎవరన్నా జారిపడతారని మోకాళ్ళ మీద కూచుని తలగుడ్డ కొసతో తుడుస్తున్నా. మిత్రిగాడు చీపురేసుకుని వచ్చాడు. 'ఒరే, మా మెట్టు ముట్టుకోకురా, మా మఠం ముసలాడు చూశాడంటే నా పని ఊడుద్ది, ఇటివ్వు నే తుడుస్తా' అన్నాడు. 'మీ మెట్టేందిరా, మీ తాత మోసుకొచ్చాడా?' అన్నా. నవ్వుకుంటూనే అన్నా. గుడ్డ వాడు లాగాడు, నేను లాగా. వాడు వదిలేశాడు. నా నూనె మీద నేనే జారి అంచుకి కొట్టుకున్నా."

"కొట్టలేదు?"

"వాడా? పోలీసులు వచ్చేలోపు వాడి నడికట్టు చింపి నా తలకి కట్టాడు. ఇదిగో." దిండు కింద నుంచి చారల గుడ్డ ఒకటి తీశాడు. రక్తం ఎండి అట్టలా బిగిసింది. "ఏడుస్తూ కట్టాడన్నా, వెధవ."

నఖ్లేకి నిన్నట్నుంచి పట్టేసిన మెడ కాస్త వదిలినట్టయింది. "ఇదే చెప్పు ఎల్లుండి. ఒక్క ముక్క కలపొద్దు, తీయొద్దు."

అంతూన్ పెళ్ళాం వంక చూశాడు. లబీబె మాట్లాడింది.

"పొద్దున ఫాదరుగారు వచ్చారు, బావగారూ. మఠం వెనకాల ఇల్లు ఖాళీగా ఉందట. రెండు గదులు, సొంత బావి. మన హక్కు కోసం ఊడుస్తుండగా దెబ్బతిన్నవాడికి ఇవ్వకపోతే ఎవరికిస్తామన్నారు." చంటిదాని ముఖం మీద ఏదో రాలితే వేలితో తీసేసింది. పైకప్పు మట్టి. "గాలి వేసినప్పుడల్లా ఇంతే. వానాకాలం వచ్చేస్తోంది. మీరే చెప్పండి, ఏం చెప్పమంటారో."

నఖ్లే దూలం వంక చూశాడు. దానికీ అతనిలాగే నడుం వంగింది. ఒక కాలెత్తి, వంగి, బయటికొచ్చాడు.

*

లాకప్పంటే ఠాణా వెనక తురుష్కులు గుర్రాలు కట్టుకున్న కొట్టం. నఖ్లే రొట్టెలు, ఉడికించిన గుడ్లు పట్టుకెళ్ళాడు.

"అక్క తిడుతోందా, బావా?" అన్నాడు మిత్రి కటకటాల్లోంచి.

"నిన్నా, నన్నా?"

"ఎవర్నయినా."

"ఇద్దర్నీ."

మిత్రి నవ్వి గుడ్డు వలిచాడు. తినలేదు. "మా మఠం దుబాసీ తౌఫీక్ వచ్చాడు. 'నేను ఊడుస్తుంటే అంతూన్ అడ్డమొచ్చాడు, మా మెట్టు కాపాడుకోడానికి కొట్టాను' అని ఒప్పుకోమంటున్నారట. ఒప్పుకుంటే లోపలున్నన్నాళ్ళూ ఇంటికి పిండీ నూనే పంపిస్తారట. లేకపోతే మళ్ళీ గుమ్మం తొక్కొద్దన్నారు."

నఖ్లే గోడకి జారగిలబడ్డాడు. ఇటువాళ్ళకీ దెబ్బే కావాలి, అటువాళ్ళకీ దెబ్బే కావాలి. ఇటలీవాళ్ళు, గ్రీకువాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు కలిసి ఒక మెట్టు మీద కూర్చుని పంచాయితీ చేస్తారు. పగిలే తలా, పడే బేడీలూ మాత్రం ఎప్పుడూ బేత్లెహేమువాళ్ళవే. ఆ దెబ్బ పడలేదని చెప్పగలిగింది ఇద్దరే, తిన్నవాడూ కొట్టినవాడూ. అతనికి ఒళ్ళు మండింది. కాని మంట కూడా అలసటగానే వచ్చింది.

"మరి నువ్వేమన్నావురా?"

"అంతూన్‌ని నేను కొట్టడమేంటి బావా? చిన్నప్పుడు వాడే నన్ను తన్నేవాడు." గుడ్డు మీది ఉప్పు రాల్చాడు. "నేనేమీ చెప్పను. కొట్టానని చెప్పను. కొట్టలేదని చెప్పి ముసలాడితో తగువూ పెట్టుకోను. అంతూన్ చెప్పనీ. వాడి తల, వాడి మాట."

"వాడు తప్పు మాట చెబితే?"

"చెప్పడు," అన్నాడు మిత్రి. గుడ్డు తిరిగి రొట్టె మీద పెట్టి, "ఒక మేకు కోసం కొట్టుకుని జైలుకెళ్ళిన సాబా ఇంకా రాలేదు కదూ?" అని అడిగాడు.

*

మఠం ముందుగదిలో ఫాదర్ బెనీనో కాక ఇంకొకాయన ఉన్నాడు. రోమ్ నుంచి పోపుగారి తరఫున వచ్చిన పెద్ద ఫాదరు, మోన్సిన్యోర్ కవల్లీనీ. సన్నగా, పాలిపోయి ఉన్నాడు. బల్ల కింద బూట్లు విప్పుకుని మేజోళ్ళతో చల్లని రాతి మీద పాదాలానించి, పుదీనా నీళ్ళు తాగుతున్నాడు. యెరూషలేములో పెద్ద దొర దగ్గర వారమంతా వాదించి వచ్చాడట. వాదన ఒక తెర తాడు గురించి.

"కూర్చోండి," అన్నాడు ఇటాలియన్‌లో, మర్యాదగా. "మీ బంధువు తల ఎలా ఉంది?"

"నయమేనండి. ఆయన నూనె తుడుస్తూ జారిపడ్డానంటున్నాడు."

ఫాదర్ బెనీనో ముఖం ముడుచుకుంది. "దెబ్బతిన్న తల. ఏదో అంటాడు. నాతో ఊడుస్తున్నాననే అన్నాడు."

మోన్సిన్యోర్ గ్లాసు కింద పెట్టాడు. "మీ భాషలో ఊడ్చడానికీ తుడవడానికీ పెద్ద తేడా ఉందా?"

"మా ఆడవాళ్ళకి ఉందండి. ఊడిస్తే దుమ్ము పోతుంది. తుడిస్తే మరక పోతుంది."

ఆయన చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు కడుపునొప్పిలో కలిసిపోయింది. "నా సంగతి చూడండి. యుద్ధానికి ముందు మా తరఫున మాట్లాడ్డానికి ఫ్రెంచివాళ్ళుండేవారు. ఇప్పుడు ఎవరూ లేరు. ఇంగ్లీషువాళ్ళు కమిషన్ వేస్తామంటారు, వెయ్యరు. నాకు సైన్యం లేదు, ఓడలు లేవు. ఏదో ఒకటి చూపించి మాట్లాడాలి. మా మనిషి మా మెట్టు ఊడుస్తుండగా నెత్తురు కారిందంటే కూర్చోబెట్టి వింటారు. నూనె ఒలకబోసుకుని పడ్డాడంటే టీ ఇచ్చి పంపిస్తారు."

అందులో తప్పు పట్టడానికి నఖ్లేకి ఏమీ కనబడలేదు. ఈయనకీ ఎవరో పైవాళ్ళు ఉండి ఉంటారు. వాళ్ళకీ ఏదో ఒకటి చూపించుకోవాలి.

"మరి మిత్రి, మోన్సిన్యోర్?"

"మన హక్కు దొర రాసుకున్నాక, అతన్ని క్షమించమని మేమే అడుగుతాం," అన్నాడు ఫాదర్ బెనీనో. "పండుగకి ఇంటికొచ్చేస్తాడు."

చెయ్యని తప్పుకి క్షమాపణ. అదీ క్రిస్మస్‌కి. అప్పటికి చెట్ల మీద ఆలివ్‌కాయలు ఉండవు, నేల మీద కుళ్ళి ఉంటాయి.

"నిన్ను అబద్ధమాడమనడం లేదు, నఖ్లే," అన్నాడు ఫాదర్. "అంతూన్ ఏం చెబితే అదే చెప్పు. ఎప్పటిలా మెత్తబరచకు, తిప్పకు. ఉన్నది ఉన్నట్టు."

"అలాగే ఫాదర్. ఉన్నది ఉన్నట్టు."

వెళ్ళబోతుంటే మోన్సిన్యోర్ అడిగాడు, "మీకు ఒంట్లో బాగాలేదా?"

"మోకాళ్ళండి."

"నాకు కడుపు," అన్నాడాయన. ఇద్దరూ ఒకర్నొకరు ఒక్క క్షణం పాపం అన్నట్టు చూసుకున్నారు.

*

విచారణ గుళ్ళోనే, మెట్ల దగ్గరే పెట్టారు. పై మెట్టు చుట్టూ తాడు కట్టి ఉంది. పడిన నూనె పడినట్టే ఉంది, దాని మీద రక్తం నల్లబడింది, రెంటి మీదా దుమ్ము. జిల్లా దొర విట్‌కోమ్ మడతకుర్చీలో కూర్చుని టోపీతో విసురుకుంటున్నాడు. అరబ్బీ అతనికి 'ఇటు రా', 'అటు పో' దాకా వచ్చు. ఒక పక్క గ్రీకు మఠం పెద్ద, అతని వెనక తౌఫీక్. ఇంకో పక్క ఫాదర్ బెనీనో, మోన్సిన్యోర్. స్తంభాల వెనక ఊరి జనం. వర్దె అక్కడెక్కడో ఉంది. నఖ్లే వెతకలేదు. చూస్తే నోరు తడబడుతుందని భయం.

మిత్రిని బేడీలతో తెచ్చారు. అడిగినదానికల్లా నేల చూశాడు. గ్రీకు పెద్ద గడ్డంలో ఏదో గొణిగాడు.

తర్వాత అంతూన్‌ని పిలిచారు. కట్టు మీద టోపీ పట్టలేదు, తలగుడ్డ భుజం మీద వేసుకున్నాడు.

"ఆ రోజు ఈ మెట్టు మీద ఏం చేస్తున్నావో అడుగు," అన్నాడు దొర.

నఖ్లే అడిగాడు. అంతూన్ ముందు ఫాదర్ వంక చూశాడు. చంటిదాన్నెత్తుకున్న లబీబె వంక చూశాడు. మిత్రి వంక చూడలేదు.

"ఊడుస్తున్నాను," అన్నాడు.

మిత్రి తలెత్తాడు. కోపం లేదు ఆ ముఖంలో. సరిగా వినలేదేమో, మళ్ళీ అంటాడేమో అన్నట్టు చూస్తున్నాడంతే. నఖ్లేకి ఆ చూపు భరించడం కష్టమైంది. దొర వైపు తిరిగాడు. పాతికేళ్ళుగా ఎవరి మాటనైనా మోసిన నోరు అది. తనదని చెప్పుకోడానికి అందులో ఒక్క మాటా మిగల్లేదనుకునేవాడు.

"నూనె ఒలికితే తుడుస్తున్నానంటున్నాడండి," అన్నాడు ఫ్రెంచిలో.

"కాదు!" ఫాదర్ బెనీనో లేచాడు. ఆ మఠంలో కాలుపెట్టిన ప్రతి ఫాదరూ మొదట నేర్చుకునే అరబ్బీ మాట 'ఊడ్చడం'. "ఊడుస్తున్నానన్నాడు! నేను విన్నాను!"

దొర నఖ్లేని చూశాడు. "ఏమిటి?"

"మా ఊరి మాటలో రెంటికీ అదే వాడతామండి," అన్నాడు నఖ్లే. చెవులు వేడెక్కాయి.

దొర టోపీతో తౌఫీక్‌ని చూపించాడు. "నువ్వు చెప్పు. నిజమేనా?"

తౌఫీక్ తన యజమానిని చూశాడు. నఖ్లేని చూశాడు. కొట్లాటకీ కొట్లాటకీ మధ్య ఈ ఇద్దరు దుబాసీలూ కలిసి తాగిన కాఫీలు ఎన్నో. "ఊడ్చాడు" అంటే మెట్టు లాటిన్లది. "తుడిచాడు" అంటే దెబ్బే లేదు. తౌఫీక్ నిట్టూర్చాడు. "ఒక్కోసారి వాడతామండి," అన్నాడు.

స్తంభాల వెనక ఎవరో ఆడమనిషి ఫక్కున నవ్వి, దగ్గుగా మార్చింది. ఆ గొంతు నఖ్లేకి తెలుసు.

"మాటలు చాలు," అన్నాడు దొర విసుగ్గా. "ఏం చేశాడో చేసి చూపించమను."

పోలీసొకడు చీపురు అందించబోయాడు. ఈలోపే అంతూన్ తాడు కిందనుంచి దూరి మెట్టు దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డాడు. భుజం మీది తలగుడ్డ కొస చేతికి తెచ్చుకున్నాడు. ఎడమచెయ్యి అంచుకి ఆనించి, కుడిచేత్తో గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టాడు. పద్ధతిగా, బయటినుంచి లోపలికి, రోజూ దీపపు సెమ్మెలు తుడిచే చెయ్యి. నూనె మీద మోకాలు కొంచెం జారింది.

"జాగ్రత్తరా!" అన్నాడు మిత్రి. బేడీల చేతులు రెండూ ముందుకి చాచి గుడ్డ కొస పట్టుకున్నాడు. "మళ్ళీ పడతావ్. ఇటివ్వు, నే తుడుస్తా."

అన్నాక ఇద్దరూ అలాగే ఆగిపోయారు, చెరో కొస పట్టుకుని. అంతూన్ తన చేతిని చూసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తుడిచానన్నా," అన్నాడు నఖ్లేతో. "వీడు కొట్టలేదు. తుడిచాను."

ఈసారి నఖ్లే ఆ మాటని మార్చలేదు. దొర కూడా అడగలేదు.

మిత్రి బేడీలు అక్కడే తీశారు. ఎవరూ కొట్టలేదు, ఎవరూ ఊడవలేదు, కాబట్టి మెట్టు ఎవరిదో తేల్చడానికి తనకేమీ లేదన్నాడు దొర. పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా దాన్ని ఏ పక్షంవాళ్ళూ ఊడవకూడదు, తుడవకూడదు. ఉన్నది ఉన్నట్టు ఉండాలి. కాపలాకి ఒక పోలీసుంటాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

జనం కదిలాక మోన్సిన్యోర్ నఖ్లే దగ్గరికి వచ్చాడు.

"అతను అనని మాట మీరు చెప్పారు."

"అవునండి."

"ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాం."

"అదే చెప్పానండి."

మోన్సిన్యోర్ కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తెరిచాక మఠం వైపు నడిచాడు. అనవలసిందంతా ఫాదర్ బెనీనో అన్నాడు. రేపట్నుంచి రానక్కర్లేదు. ఇల్లు మాత్రం వానలు వెలిశాక ఖాళీ చేస్తే చాలు. మనుషులం కదా, అన్నాడు.

*

మర్నాడు వర్దె పోసిన కాఫీలో చెంచా నిలబడేంత చక్కెర ఉంది. నఖ్లే అదీ చివరిదాకా తాగాడు. మిత్రిని గ్రీకులు పనిలోంచి తీసేశారు. వాన పడేలోపు కాయలు దులపాలని ముగ్గురూ తోటకి వెళ్ళారు. నఖ్లే కొమ్మల మీద కర్రతో కొట్టలేక కిందపడ్డవి ఏరాడు. సాయంత్రం మిత్రి తన గాడిద మీద ఒక దూలం వేసుకుని అంతూన్ ఇంటికి తీసుకెళ్ళాడు, ఇంకో పోటు పెట్టడానికి. అంతూన్‌కి రెండు గదుల ఇల్లు రాలేదు. దానిమ్మకాయలు తెచ్చేవాళ్ళు కూడా తగ్గారు.

"ఉన్న ఇల్లూ పోయింది," అన్నాడు నఖ్లే దారిలో.

"పోనీ," అంది వర్దె. కాసేపు నడిచాక, "పోనీ అంటే బాధ లేదని కాదు," అంది.

ఆదివారం వాన పడింది. జనం తడికాళ్ళతో గుడికొచ్చారు. పై మెట్టు మీది నూనె, రక్తం, దుమ్ము, ఇప్పుడు బురద కూడా కలిసి జిడ్డులా తయారయింది. హెబ్రోనునుంచి వచ్చిన పోలీసొకడు తాడు పక్కన నిలబడి, దిగేవాళ్ళని ఆ మెట్టు దాటి దిగమని చెప్తున్నాడు. పిల్లలు గెంతుతున్నారు. ఒక ముసలమ్మ గెంతలేక కాలు పెట్టింది. జారింది. నఖ్లే రెక్క పట్టుకుని ఆపాడు. ఆమె గుండె కొట్టుకోవడం అతని చేతికి తెలిసింది.

వర్దె చూసింది. పెళ్ళయిన ఆడవాళ్ళు నెత్తిన పెట్టుకునే ఎత్తయిన టోపీ సర్దుకుంది. దాని మీద కుట్టిన వెండినాణేలు గలగలమన్నాయి. తాడు ఎత్తి, మెట్టు ముందు మోకరిల్లింది. పండుగపూట వేసుకునే తెల్లని ముసుగు కొంగు చేతికి చుట్టుకుని తుడవడం మొదలుపెట్టింది.

"అమ్మా! అమ్మా, కూడదు!" అన్నాడు పోలీసు కంగారుగా. "ఏ పక్షంవాళ్ళూ ముట్టుకోకూడదు. మీరే పక్షం?"

"పుట్టినిల్లు గ్రీకులు. మెట్టినిల్లు లాటిన్లు," అంది వర్దె తలెత్తకుండా. "ఏది కావాలంటే అది రాసుకో, నాయనా. కాలు తియ్యి."

పోలీసు కాలు తీశాడు.

ఒక గుమ్మంలో ఫాదర్ బెనీనో వచ్చి నిలబడ్డాడు. ఎదుటి గుమ్మంలో గ్రీకు మఠం పెద్ద వచ్చి నిలబడ్డాడు. అరవాలంటే ఆమె ఎదుటివాళ్ళ మనిషని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే మెట్టు తుడిచింది ఎదుటివాళ్ళవుతారు. నా మనిషి అని అందామంటే, అవతలివాడు ఆమె పుట్టుకో పెళ్ళో ఎత్తుతాడు. ఇద్దరూ నోరు తెరిచి, ఒకర్నొకరు చూసుకుని, మూసుకున్నారు.

"ఊడ్చిన ఇల్లే నాది కాలేదు," అంది వర్దె, ఎవరితోనని కాదు. "తుడిచిన మెట్టు ఎవరిదైతే నాకేం?"

పోలీసు దిక్కు తోచక నఖ్లే వైపు తిరిగాడు. "అబూ జమీల్, నువ్వు దుబాసీవి కదా. దొరకి ఏమని చెప్పమంటావు?"

పాత అలవాటుకొద్దీ నఖ్లే నోరు తెరిచాడు. ఎవరికీ నొప్పి తగలని మాట ఒకటి నాలుక మీదికి రానే వచ్చింది. దాన్ని అక్కడే మింగేశాడు. ఒక చెయ్యి స్తంభానికి ఆనించి, మెల్లిగా, మోకాళ్ళు టకటకమంటుండగా కిందికి దిగి, భార్య పక్కన కూర్చున్నాడు. ఆమె ముసుగు రెండో కొస అందుకుని ఆమె చెయ్యి అందని వైపు రుద్దాడు.

"అక్కడ కాదు," అంది వర్దె. "మూల చూడు, ఇంకా ఉంది."